గేటు దగ్గర లాక్కున్న చేతిపెట్టె

విమానాల కంపెనీ పెద్దమనుషులారా, ఈ పాపంలో సగం మీది. కూరగాయల ధరకే ఫ్రాన్సులోని మార్సే తీసుకెళ్తామని చాటింపు వేస్తారు. తీరా జనం గేటు దాకా వచ్చాక ఒక ఇనుప కొలతగూడు చూపించి, అందులో పట్టని చేతిపెట్టెను చేతిలోంచి లాక్కుంటారు. లోపల ఏముందమ్మా అని అడగరు. విలువైనది తీసుకోవడానికి క్షణం ఆగరు. లాక్కున్న పెట్టె ఏ చేతుల్లో పడుతుందో మీకు పట్టదు. ఏడుస్తూ తిరిగొస్తే టిక్కెట్టు వెనక చీమ తలకాయంత అక్షరాలు చూపిస్తారు: విలువైన వస్తువులకు పూచీ లేదు. మిగతా సగం పాపం దొంగలది. వాళ్లు కనీసం దొంగలమని చెప్పుకుని తిరగరు, యూనిఫాం వేసుకుని చిరునవ్వు నవ్వరు.

ఈ రెండు సగాల మధ్య నలిగిన మనిషి పేరు జుహూర్. ఒక బుధవారం పొద్దున సరిహద్దు ఊరు ఉజ్దా బజారులో ఎండుపళ్ల దుకాణం మీది గదికి, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఒంటి మీది పొడుగు అంగీ, జెల్లాబా, నలిగి ఉంది, చేతిలో ముదురు ఎరుపు తోలు చేతిపెట్టె. తలుపు తీసిన ఖద్దూర్‌ను చూసి, "డిటెక్టివ్ మీరేనా నాయనా?" అంది.

"నేను కాదక్కా. నేను ఆయన కాళ్లు. కళ్లు లోపలున్నాయి."

కళ్లు బెంయూనెస్‌వి. ఆయన ఒకప్పుడు అల్జీరియా సరిహద్దులో కస్టమ్స్ అధికారి. సరిహద్దు మూసేశారు, మళ్లీ తెరవలేదు. ఆయన చూపుకు మాత్రం ఎవరూ గొళ్లెం పెట్టలేకపోయారు. ఖద్దూర్ టాక్సీ నడుపుకునేవాడు. ఒకసారి బెంయూనెస్ అతని టాక్సీ ఎక్కి, సీటు మీద చెయ్యి వేసి, "ఇంతకుముందు ఇక్కడ కూర్చున్నావిడ ఏడుస్తూ దిగింది కదా?" అన్నాడు. నిజమే. ఆ రోజు నుంచి ఖద్దూర్ ఆయన్ను వదల్లేదు. టాక్సీ ఉంది, మీటరు మాత్రం ఆగిపోయింది.

"కూర్చోండమ్మా," అన్నాడు బెంయూనెస్.

"కూర్చుంటే లేవలేనన్నా. నిలబడే చెప్తా. నన్ను దొంగ అంటున్నారు. నా సొంత ఇంట్లో."

ఖద్దూర్ బలవంతంగా కుర్చీ జరిపాడు, పుదీనా టీ చేతిలో పెట్టాడు. అప్పుడు చెప్పింది. ఆమె తమ్ముడి కూతురు ఫిర్దౌస్ పెళ్లి, వచ్చే శనివారం, మార్సేలో. ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్లయినా జుహూర్ తల్లి వడ్డాణమే నడుముకు కడతారు. బంగారు పలకలు అల్లిన వడ్డాణం, మధ్యలో పచ్చరాయి. జుహూర్ నడుముకు మాత్రం అది ఎక్కలేదు, పెళ్లి కాలేదు గనక. తల్లి పోయాక కాపలా ఆమెదే. నడుము కొలతకు పలకలు సరిచేయించాలి, ముందే తెమ్మన్నారు. నాలుగు రోజుల ముచ్చటకు పెద్ద పెట్టె ఎందుకని చేతిపెట్టె ఒక్కటే కొనుక్కుంది. వడ్డాణాన్ని గుడ్డలో చుట్టి, సెల్లూ డబ్బాలో, వేయించిన ఆ తీపి పిండి మధ్యలో పూడ్చింది. గేటు దగ్గర పెట్టె కొలతగూడులో దిగలేదు. గేటమ్మాయి స్టిక్కరు అంటించి పెట్టెను విమానం కడుపులోకి పంపింది. మార్సేలో దిగి డబ్బా తెరిస్తే పిండి ఉంది, వడ్డాణం లేదు.

"గేటు దగ్గర డబ్బా ఎందుకు తీసుకోలేదు?" అన్నాడు బెంయూనెస్.

"వెనకాల విమానమంత జనం అన్నా. పెళ్లికూతురి బంగారం అన్ని కళ్ల ముందు ఎలా బయటికి తీస్తాను? దిష్టి కాదూ?"

"డబ్బాలో ఉందని ఎవరికి తెలుసు?"

"నాకూ, దేవుడికీ. ఆ ఎక్స్‌రే దగ్గరి పిల్ల చూసి నవ్వింది, పెళ్లా పిన్నీ, శుభం అంది. అంతే."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలుపు తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. జుహూర్ ముఖం చూస్తేనే ఆమె ఎవరో తెలిసిపోయింది: పెళ్లికూతురి తల్లి, తమ్ముడి భార్య మన్సూరియా. జుహూర్ మార్సే నుంచి తిరిగొచ్చిన విమానంలోనే, కేసు పెట్టడానికి ఆమె వెనకే వచ్చింది.

"బావుంది వదినా! దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, డిటెక్టివ్‌ను కూడా పెట్టుకున్నావా?"

"మన్సూరియా, దేవుడి మీద ఒట్టు..."

"దేవుణ్ణి వదిలెయ్యి, ఆయనకు చాలా పనులున్నాయి. చెప్పండయ్యా డిటెక్టివ్ గారూ, మీరే చెప్పండి. పెట్టె తాళం పగల్లేదు. డబ్బా మూత బిగించినట్టే ఉంది. పైన గుడ్డ ముడి కట్టినట్టే ఉంది. వడ్డాణం ఆవిరైపోయిందా? తన నడుముకు దక్కనిది నా కూతురి నడుముకూ దక్కకూడదని కాజేసింది. ఇంకో మాట లేదు."

ఆ మాటకు జుహూర్ టీ గ్లాసు కింద పెట్టేసింది. ఖద్దూర్‌కు ఒళ్లు మండింది. బెంయూనెస్ మాత్రం చెయ్యెత్తి ఆపాడు.

"ఈ డబ్బా సంగతి మీరు ఎవరికి చెప్పారమ్మా?"

"పోలీసులకు చెప్పా. ఇప్పుడు మీకు. వడ్డాణం పోయిందని ఊరంతా చెప్పా, దాపరికం లేదు. డబ్బా సంగతి మాత్రం మింగేశా. పిండిలో వడ్డాణం పూడ్చారట అని వియ్యపురాలు నవ్వితే నేనెక్కడ తలెత్తుకోను?"

"మంచి పని చేశారు. అలాగే మింగి ఉంచండి."

ఆయన పెట్టెను బల్ల మీద పెట్టి నాలుగు వైపులా అరచేత్తో తడిమాడు. గుడ్డివాడు మనవడి ముఖం తడిమినట్టు. చక్రాలు లేవు. మంచి కుట్టు. ఒక పక్క తోలు మీద ఐదువేళ్ల ఇత్తడి చెయ్యి మెరుస్తోంది. ఆ దిష్టిచేతిని చూసి ఖద్దూర్ అలవాటుగా బిస్మిల్లా అనుకున్నాడు. తాళం చిన్నది, కొత్తది.

"కొనేముందు కొలిచారా?"

"కొలవకుండా కొంటానా? పెట్టె అమ్మిన మఖ్లూఫ్ షాపులో అచ్చం ఎయిర్‌పోర్టు గూడే ఉంది. నా బట్టలు, సెల్లూ డబ్బా అన్నీ పట్టుకెళ్లి, సర్ది మరీ చూశాం. వడ్డాణం ఒక్కటే లేదు. బావిలోకి చేద దిగినట్టు దిగింది."

"మరి గేటు దగ్గర?"

"సగంలో ఆగిపోయింది. ఒక పక్క పట్టేసింది. నేను తోశా, ఆ పిల్ల వద్దంది."

బెంయూనెస్ లేచి కోటు వేసుకున్నాడు. "అమ్మా జుహూర్, శనివారం లోపల వడ్డాణం దొరకచ్చు, దొరక్కపోవచ్చు. మీరు తియ్యలేదన్నది మాత్రం రేపటిలోగా తేలుస్తా."

"వడ్డాణం లేకపోయినా పెళ్లవుతుందన్నా," అంది జుహూర్ నెమ్మదిగా. "నేను దొంగనైతే మాత్రం ఆ పెళ్లికి నేను లేను. ఆ పిల్లను పెంచింది నేను."

* * *

ఊరి బయట ఎయిర్‌పోర్టులో కంపెనీ గది ఇరుకు. మేనేజరు తౌఫీక్ కుర్చీ మాత్రం విశాలం. గేటమ్మాయి ఇబ్తిసామ్ గోడకు ఆనుకుని నిలబడింది.

"నిబంధన నిబంధనే సార్," అన్నాడు తౌఫీక్. "టిక్కెట్టు వెనక..."

"చదివాను, భూతద్దంతో," అన్నాడు బెంయూనెస్. "ఇలాంటి ఫిర్యాదులు ఇంకా వచ్చాయా?"

"ఒకటీ అరా. ముసలమ్మలు. ఇంట్లోనే ఎవరో తీసుంటారు, మామీద తోస్తారు. తాళం పగలదు, ఏమీ కాదు, నగ మాత్రం పోతుంది. ఇంటి గొడవలు సార్ అవి. బజారు వెనక వీధి రబ్హా అని ఒకావిడ ఇక్కడే కూర్చుని రోజంతా ఏడ్చింది. ఏం చెయ్యమంటారు?"

"కనీసం మంచినీళ్లిచ్చారా?"

బెంయూనెస్ గేటమ్మాయి వైపు తిరిగాడు. "అమ్మా, ఆ ఎర్ర పెట్టె ఎంతలో ఆగింది?"

ఇబ్తిసామ్ బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి చూపించింది. "ఇంతే బాబాయ్. వేలి మందం. వదిలేద్దామనుకున్నా. కానీ పైన కెమెరా ఉంటుంది. ఒకర్ని వదిలితే నా జీతంలో కోస్తారు."

తౌఫీక్ గొంతు సవరించుకున్నాడు. ఆ అమ్మాయి తల దించుకుంది. ఇంకా ఏదో చెప్పబోయి ఆగిందని ఖద్దూర్‌కే అర్థమైంది. బెంయూనెస్‌కు అర్థం కాకుండా ఉంటుందా?

బయటికి వచ్చాక విమానం ఒకటి లేచింది. ఖద్దూర్ కారు తలుపు పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు. వాళ్ల తాత ఫ్రాన్సు గనులకు పోవడానికి బస్సు, ఓడ, రైలు మారి, వాంతులు చేసుకుంటూ వెళ్లాడట. ఇప్పుడు ఆ సముద్రం మీదుగా అవ్వలు మనవడి తొట్టెల పండక్కి వెళ్లి, ముద్దుపెట్టి తిరిగొస్తున్నారు. ఒక చేతిపెట్టె పట్టుకుని. ఆ చేతిపెట్టెలో ఏం లేదు? ఆలివ్ నూనె, ఎండు మాంసం, పురిటిపిండి, నగ, నమాజు చాప, ఇంట్లోవాళ్ల అందరి ప్రాణాలూ. అంత బరువును అంత చిన్న పెట్టెలో మడిచిపెట్టగల ఆడవాళ్లను తలుచుకుంటే అతనికి విమానం కన్నా వాళ్లే పెద్ద వింత అనిపించారు.

* * *

మఖ్లూఫ్ దుకాణం తోలువాసనతో ఘుమఘుమలాడుతోంది. చిన్న పెట్టెలు గోడల నిండా, కప్పుకు వేలాడే సంచులు వరసగా. ఆకారం చెడకుండా అన్నింటిలో పాత కాగితాలు కుక్కి ఉన్నాయి. పంకా తిరుగుతుంటే ఆ వరసంతా గాలికి ఉయ్యాల ఊగుతోంది. చివరనున్న గోధుమరంగు సంచి ఒక్కటి బుద్ధిమంతుడిలా కదలకుండా ఉంది. దుకాణం నడుమన కొలతగూడు, సింహాసనంలా.

మఖ్లూఫ్ గుండ్రటి నవ్వుముఖం మనిషి. ఏం చూపించమంటారో అడగలేదు. "ఎక్కడికి? ఎన్నాళ్లు? ఎందుకు?" అని అడిగాడు.

"మార్సేకి," అన్నాడు ఖద్దూర్, బెంయూనెస్ ముందే నేర్పిన ప్రకారం. "రెండు రోజులు. ఫుట్‌బాల్ మ్యాచ్."

"అయితే చక్రాలు వద్దు. చక్రాలు చోటు తినేస్తాయి, అల్లుళ్లలాగా. గట్టి పెట్టె వద్దు. గట్టి పెట్టెకు గర్వం ఎక్కువ, ఎక్కడా ఒదగదు. బయట జేబులున్నది అసలు వద్దు. ఖాళీగా ఉన్నప్పుడు గొర్రెపిల్ల, నింపితే గర్భిణి. ఇదిగో, ఇది. మెత్తటి తోలు, నలుచదరం. లాగులు చుట్టలు చుట్టి అడుగున పెట్టు, బరువైనవి నీ వీపు వైపు పెట్టు. బూట్లు ఒక జత చాలు, అవీ కాళ్లకే ఉండాలి."

ఆ మాటల ప్రవాహానికి ఖద్దూర్ నోరు తెరిచాడు. ఏదో మహావిద్య బోధిస్తున్నట్టుంది. పెట్టెను గూడులో పెడితే చప్పుడు లేకుండా దిగిపోయింది.

"ఈ గూడు ఎక్కడిది?" అన్నాడు బెంయూనెస్.

"అసలుదే! కంపెనీ పాతది పారేస్తే మా బావమరిది జిలాలీ మోసుకొచ్చాడు. అక్కడే విమానాల్లోకి సామాను ఎక్కిస్తాడు. ఎండలో పాపం, నడుములు విరిగే పని." మఖ్లూఫ్ పెట్టెకు కొత్త తాళం తగిలించి, తాళంచెవి ఖద్దూర్ చేతిలో పెట్టాడు. "తాళం మా షాపు కానుక. శుభంగా వెళ్లిరా అన్నా."

ఖద్దూర్ చూపు కప్పు వైపు వెళ్లింది. "ఆ చివరి గోధుమరంగుది ఎంత?"

"అది అమ్మేశాం. మాటిచ్చేశా," అన్నాడు మఖ్లూఫ్ వెంటనే.

బెంయూనెస్ వెళ్లబోతూ ఆగాడు. "మొన్న మీ దగ్గర ఎర్రపెట్టె కొన్నావిడ, జుహూర్ అని. వడ్డాణం పోయిందట. విన్నారా?"

మఖ్లూఫ్ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "ఊరంతా వినింది. ఎంత మంచి మనిషి! ఎవడి చేతులు విరగాలో! అంత పిండిలోంచి ఎలా లాగాడో ఆ దుర్మార్గుడు!"

"అదే కదా," అన్నాడు బెంయూనెస్. "ఎలా లాగాడో."

కారులో కూర్చున్నాక ఖద్దూర్ గొణిగాడు. "మనిషి మంచివాడే సార్. కాకపోతే పీనాసి. జుహూరక్కకు అమ్మిన పెట్టెకు దిష్టిచెయ్యి ఉంది, నాదానికి లేదు. నాకు దిష్టి తగలదా?"

బెంయూనెస్ మెల్లగా తల తిప్పి అతన్ని చూశాడు. ఆ చూపుకు ఖద్దూర్ గేరు మార్చడం మరిచిపోయాడు. "ఖద్దూర్, నువ్వు ఈ రోజు నీ జీవితంలో అన్నింటికన్నా తెలివైన మాట అన్నావు. రబ్హా ఇంటికి పోనివ్వు."

రబ్హా ఇల్లు వెనక వీధిలో, ఒంటి గది. కొడుకు బయట గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "అమ్మతో పనుంటే అమ్మతోనే మాట్లాడండి. నేను మాట్లాడటం మానేశా. చెల్లెలికిచ్చే కడియాలు అమ్ముకుని తినేసింది," అన్నాడు. లోపల ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మూల ఒక చేతిపెట్టె, దాని పక్క తోలు మీద ఇత్తడి చెయ్యి, దుమ్ము పట్టి.

"ఈ పెట్టె రేపటి దాకా అరువిస్తావా తల్లీ?" అన్నాడు బెంయూనెస్.

"తీసుకుపో," అంది ఆమె గోడతోనే. "నన్ను కూడా తీసుకుపో."

* * *

గురువారం మధ్యాహ్నం మఖ్లూఫ్ దుకాణంలో కాలు పెట్టడానికి చోటు లేదు. జుహూర్ ఒక మూల, మన్సూరియా ఇంకో మూల. తౌఫీక్ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు, ఇబ్తిసామ్ దుపట్టా కొస నలుపుకుంటోంది. గుమ్మంలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు సిగరెట్టు ముట్టించకుండా పట్టుకుని నిలబడ్డాడు. మఖ్లూఫ్ అందరికీ టీ పోయిస్తున్నాడు. అతని చెయ్యి వణకలేదు.

"పెళ్లివారంతా మా దుకాణానికే వచ్చినట్టుంది," అన్నాడు నవ్వుతూ.

"వచ్చాం," అన్నాడు బెంయూనెస్. "పెళ్లి ఆగకుండా చూడ్డానికి. అమ్మా జుహూర్, మీ పెట్టెలో అప్పుడు సర్దినవే మళ్లీ సర్దారా?"

"అవే. డబ్బాతో సహా."

"గూడులో పెట్టండి."

జుహూర్ పెట్టె ఎత్తి గూడులోకి దించింది. సగం దిగింది. ఆగింది. తోసింది. కదల్లేదు.

మన్సూరియా ముక్కు చిట్లించింది. "ఇదేం నాటకం? మొన్న ఇందులోనే చేదలా దిగిందని కోతలు కోసిందిగా?"

"దిగింది. గూడు అదే, పెట్టె అదే, బట్టలు అవే. వడ్డాణం ఇప్పుడు లేదు కూడా. మరి ఏం పెరిగింది? ఖద్దూర్, చూసి చెప్పు."

ఖద్దూర్ వంగి చూశాడు. ఒక పక్క ఇనుపకడ్డీకి ఏదో అడ్డుపడింది. మెరుస్తోంది. "దిష్టిచెయ్యి సార్..."

బెంయూనెస్ జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. పెట్టెను పైకి లాగి, ఇత్తడి చేతికున్న మరలు ఒక్కొక్కటే విప్పాడు. చెయ్యి ఊడి ఆయన అరచేతిలోకి వచ్చింది. పెట్టెను మళ్లీ గూడులో వదిలాడు. వదిలాడంతే. నీళ్లలో రాయి మునిగినట్టు అడుక్కు దిగిపోయింది.

ఇబ్తిసామ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఖద్దూర్ ఆ ఇత్తడి ముక్క వైపు, గూడు వైపు, మళ్లీ ఇత్తడి వైపు చూశాడు. ఎన్ని దిష్టిచేతులు చూశాడు తను! ఇళ్ల తలుపుల మీద, ఉయ్యాలల మీద, తన టాక్సీ అద్దం మీద. అన్నీ చూశాడు, దాని మందం ఒక్కటి చూడలేదు. ఇంత పెద్ద ఊళ్లో ఎవరూ చూడలేదు. కళ్ల ముందే ఉండి కనపడని దాన్ని ఈ మనిషి అరచేత్తో తడిమి పట్టుకున్నాడు.

"అమ్మా ఇబ్తిసామ్, నీకు కనపడింది కదా?"

"కనపడింది బాబాయ్," ఆ పిల్ల కళ్లు నిండాయి. "ప్రతిసారీ కనపడింది. పెళ్లికెళ్లే మనిషిని దిష్టిచెయ్యి పీకేయమని ఏ నోటితో చెప్పను? దారిలో ఏమైనా అయితే ఆ పాపం నాకు చుట్టుకోదూ? పెట్టె లాక్కోవడమే నయమనిపించింది."

"చూశారా మఖ్లూఫ్ తెలివి! ఈ ఊళ్లో దీన్ని ఎవరూ వద్దనరు. ఎవరూ విప్పరు. ఎవరూ విప్పమనరు. కొలిచిన తరవాత బిగిస్తే ఎవరూ మళ్లీ కొలవరు. అమ్మా జుహూర్, ఇది ఎప్పుడు బిగించాడు?"

జుహూర్ ఆ ఇత్తడి చేతినే చూస్తూ చెప్పింది. "డబ్బులిచ్చి గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచాడు. పెళ్లికెళ్తున్నావు చెల్లీ, మా ఇంటి కానుక అన్నాడు. నేను దీవించాను కూడా."

"దిష్టి తగలకుండా ఇస్తే అదీ తప్పేనా?" అన్నాడు మఖ్లూఫ్. నవ్వు ఇంకా ఉంది, ముఖం మీద అతికించినట్టు. "మందం చూసుకోలేదయ్యా. పొరపాటు."

"పొరపాటైతే అందరికీ జరగాలి. ఖద్దూర్ ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్తున్నానంటే నీకు దిష్టి గుర్తు రాలేదు. రబ్హా కూతురికి కడియాలు తీసుకెళ్తున్నానంటే గుర్తొచ్చింది." ఖద్దూర్ రబ్హా పెట్టెను తెచ్చి పక్కన పెట్టాడు. అదే చెయ్యి, అదే చోటు. "ఎందుకు ప్రయాణమని అడుగుతావు. నగ ఉందని తెలిస్తే చెయ్యి బిగిస్తావు. ఆ చెయ్యి రెండు పనులు చేస్తుంది. గేటు దగ్గర పెట్టెను ఆపుతుంది. విమానం కడుపు దగ్గర, చీకట్లో, వంద సంచుల మధ్య, ఇదిగో ఇదేనని నీ బావమరిది జిలాలీకి చూపిస్తుంది. తాళం పగలగొట్టే అవసరమేముంది? తాళం కానుకిచ్చింది నువ్వు. జోడు తాళంచెవి జిలాలీ జేబులో ఉంది."

"కథలు!" అన్నాడు మఖ్లూఫ్. "ఆమె నగ ఎక్కడ పెట్టుకుందో నాకేం తెలుసు?"

"అదే నేనూ అడుగుదామనుకున్నా. మన్సూరియమ్మా, డబ్బా సంగతి మీరు ఊళ్లో ఎవరికైనా చెప్పారా?"

"చచ్చినా చెప్పలేదు."

"నిన్న నేను వడ్డాణం పోయిందని మాత్రమే అన్నాను. ఈయన ఏమన్నాడు ఖద్దూర్?"

ఖద్దూర్ నుదురు కొట్టుకున్నాడు. "అంత పిండిలోంచి ఎలా లాగాడో అన్నాడు సార్! నా చెవులారా విన్నా. నేనూ జాలిపడి తలూపా!"

మఖ్లూఫ్ నవ్వు ఊడిపోయింది. "ఏదో నోరు జారా. నగ చూపించు మరి! ఉంటే చూపించు!"

"పంకా వెయ్యి," అన్నాడు బెంయూనెస్.

ఎవరికీ అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టరే స్విచ్చి వేశాడు. రెక్కలు తిరిగాయి. కప్పుకు వేలాడే సంచులన్నీ ఒకటొకటిగా కదిలి, అటూ ఇటూ ఊగసాగాయి. అందరూ తలలెత్తి చూశారు. చివరి గోధుమరంగు సంచి ఊగలేదు.

"కాగితాలు కుక్కిన సంచి గాలికి ఊగుతుంది. అది ఎందుకు ఊగదు మఖ్లూఫ్? మాటిచ్చేశావట. ఎవరికి?"

ఖద్దూర్ స్టూలెక్కి సంచి దించాడు. బరువుకు చేతులు కిందికి లాగాయి. కాగితాలు తీశాడు. కింద మూటలు. ఒకటి విప్పితే కడియాలు, ఇంకొకటి విప్పితే గొలుసు. అడుగున గుడ్డలో చుట్టి వడ్డాణం. పలకల సందుల్లో ఇంకా సెల్లూ పిండి అంటుకుని ఉంది. మధ్యలో పచ్చరాయి. ఆ దుకాణం తోలువాసన మధ్య ఒక్కసారి నువ్వులు, సోంపు, తేనె వాసన వచ్చింది. ఎవరి అమ్మో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డట్టు. ఖద్దూర్ తనకు తెలియకుండానే చెప్పులు విడిచాడు.

ఇన్‌స్పెక్టరు మఖ్లూఫ్ భుజం మీద చెయ్యి వేశాడు. "నీ బావమరిది పొద్దున్నుంచీ మా దగ్గరే ఉన్నాడు. జేబు నిండా తాళంచెవులు. పద."

వాళ్లు వెళ్లాక మన్సూరియా వడ్డాణం వైపు రెండడుగులు వేసి, దారి మార్చి జుహూర్ దగ్గరికి వచ్చింది. భుజం మీద తల పెట్టి చెవిలో ఏదో గొణిగింది.

జుహూర్ ఆమెను తోసెయ్యలేదు. కానీ లొంగలేదు కూడా. "చెవిలో కాదు మన్సూరియా. దొంగ అని ఎంత గట్టిగా అరిచావో అంత గట్టిగా. ఫోను తియ్యి. మీ వియ్యపురాలితో మొదలుపెట్టు. నేను వింటుంటా."

మన్సూరియా ఏడుస్తూనే ఫోను తీసింది.

తౌఫీక్ గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు అతని ముఖంలో చిరునవ్వు ఉంది, చేతిలో టిక్కెట్టు కూడా ఉంది. "అమ్మా, కంపెనీ తరఫున సాయంత్రం విమానానికి మీకు ఉచితంగా..."

"ఉచితం నాకొద్దు బాబూ. డబ్బులిచ్చే వెళ్తా, పెట్టె నా ఒళ్లో పెట్టుకుని." జుహూర్ వడ్డాణాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇంతసేపూ వంగి ఉన్న నడుము నిటారుగా లేచింది. "నాకు ఈయన దొరికాడు. ఆ సంచిలో ఇంకా ఎన్ని మూటలున్నాయో చూశావుగా? ఒక్కో మూటకు ఒక్కో ఇల్లు. ఒక్కో ఇంట్లో ఒక్కో ఆడదాన్ని దొంగంటున్నారు. వాళ్లు నీ దగ్గరికి వచ్చారు. ఇంటి గొడవలన్నావు. మీరు పెట్టె లాక్కోకపోతే ఆ జిలాలీ చెయ్యి ఎంత పొడుగుదైతే మాత్రం మా దాకా వచ్చేదా? రేపటి నుంచి గేటు దగ్గర ఒక తెర కట్టు. ఒక బల్ల వెయ్యి. పెట్టె లాక్కునే ముందు, ప్రాణమనుకున్నది తీసి ఒంటికి కట్టుకోనియ్యి. వెనకాల జనం ఆగుతారు, విమానం ఆగుతుంది, ఏం కొంప మునగదు. ఈ పిల్ల జీతం కొయ్యడం మానెయ్యి. అది రేపటి పని. ఈ రోజు పని వేరే ఉంది. ఆ మూటలు పట్టుకో. కంపెనీ కోటు వేసుకునే రా. ఇంటింటికీ వెళ్లి, గుమ్మంలో నిలబడి, కొడుకులు కోడళ్లు ఇరుగుపొరుగు అందరూ వినేలా చెప్పు: ఈమె దొంగ కాదు, తప్పు మాది అని."

"నేనా?" అన్నాడు తౌఫీక్. "ఇప్పుడా?"

"ఇప్పుడే. మొదటి ఇల్లు రబ్హాది. లే."